తప్పు చూపువాడే తోటివాడు

తాను వ్రాసినది తనకు ముద్దుగానే యుండును. కాకిపిల్ల కాకికి ముద్దను సామెత తల్లుల నుద్దేశించి పుట్టినదైనను గ్రంథకర్తలకును పరిశోధకులకును అంతకంటె చక్కగా వర్తించును. తల్లి తన బిడ్డను ముద్దాడినందున లోకమునకు వచ్చు హాని లేదు. కాని యొకడు తాను కనుగొన్న విషయముపై పదిమంది క్షేమము ఆధారపడియున్నదని తెలిసియు, దానిని పరీక్షకు పెట్టక ముద్దాడుచు కూర్చుండినచో అది అపరాధమగును. ఈ మాసము మేము విచారింపదలచిన ప్రశ్న యిది: పదిమంది క్షేమమునకు సంబంధించిన సంగతిని కనుగొన్నవాడు దానిని ఎప్పుడు, ఎవరికి, ఎంతవరకు చెప్పవలెను? విన్నవాడు దానిని మెచ్చుకొనుట ధర్మమా, దిద్దుట ధర్మమా?

ఈ ప్రశ్న పాతదే. అయినను కృత్రిమ మేధ వచ్చిన తరువాత ఇది మన యిండ్ల లోపలికి వచ్చినది. చేతిలోని ఫోనునందు ప్రశ్న వ్రాసినను, నోట పలికినను, మనుష్యుడు చెప్పినట్లే బదులు చెప్పు భాషాయంత్రములు నేడు పల్లెల వరకును పాకినవి. పిల్లవాడు లెక్కను గూర్చియు, ఇల్లాలు మందును గూర్చియు, రైతు పురుగును గూర్చియు వానినే యడుగుచున్నారు. వీని విశేషమేమనగా, చేసినవారికే వీని లోపలి నడవడి సంపూర్ణముగా తెలియదు. గడియారము చేసినవాడు ఏ చక్రము ఎందులకు తిరుగుచున్నదో చెప్పగలడు. భాషాయంత్రమును అట్లు చక్రము చక్రము కూర్చి చేయలేదు. అపారమైన వ్రాతలను దానికి చూపి, తరువాత రాదగిన మాట యేదో ఊహించు నభ్యాసమును లెక్కకు మీరిన మారులు చేయించి, ఆ మీదట మనుష్యుల యొప్పుదలను బట్టి దాని నడతను సవరించిరి. అందుచేత అది యెచ్చట తప్పునో, ఎవరికి హాని చేయునో, ఎప్పుడు లోపలొకటి బయటొకటిగా నడచుకొనునో కనిపెట్టుట యొక ప్రత్యేక శాస్త్రమైనది. దానినే కృత్రిమ మేధా భద్రతా పరిశోధన యందురు. ఆ పరిశోధకులు తాము కనుగొన్న దానిని ప్రకటించు పద్ధతియు, ఒకరి పనిని మరియొకరు దిద్దు పద్ధతియు సరిగా నున్నవా యనునదే మా విచారము.

ఈ విషయము మాకేల యని పాఠకులడుగవచ్చును. మా తప్పొకటి దీనికి కారణము. దానిని ముందు చెప్పుకొందుము.

మా విజయనగరములో నొక కళాశాలయందు చదువుకొను యువకుడొకడు కలడు. మాకు దూరపు చుట్టము. గజపతినగరము వైపున వ్యవసాయము చేసికొను కుటుంబములోనివాడు. అతని తల్లి పొలమునకు చల్లు మందు ఎంత నీటికి ఎంత కలుపవలెనో ఫోనును అడుగగా, అది నిస్సంకోచముగా నొక లెక్క చెప్పెను. డబ్బామీద ముద్రించిన లెక్కకును దానికిని పొత్తు కుదురలేదు. కుమారుడు అదే ప్రశ్నను ఇంగ్లీషులో నడుగగా యంత్రము జాగ్రత్తలు చెప్పి, డబ్బామీద నున్న సూచనలనే అనుసరింపుడని ముగించెను. ఇది చూచి యతడు ఆశ్చర్యపడి, మందులు, జ్వరములు, విద్యుత్తు, విషపదార్థములు మొదలగు వానిని గూర్చి కొన్ని ప్రశ్నలను రెండు భాషలలోను అడిగి, ప్రత్యుత్తరములను ప్రక్కప్రక్కన వ్రాసి, ఒక చిన్న నివేదిక సిద్ధము చేసెను. కొన్నిచోట్ల తెలుగున జాగ్రత్త తక్కువగా నుండెను. కొన్నిచోట్ల ఇంగ్లీషున చెప్పనిరాకరించిన సంగతులను యంత్రము తెలుగున చెప్పివేసెను.

అతడు ఆ కాగితములను మాకు తెచ్చి, "బాబాయిగారూ, ఇది ఓసారి చూసి తప్పులుంటే చెప్పండి" అనెను. మేము చదివితిమి. కుఱ్ఱవాని యుత్సాహము చూడగా మాకు ముచ్చట వేసినది. "చాలా బాగుందిరా, వెంటనే అందరికీ పంపించు" అంటిమి. ఒకటి రెండు అక్షరదోషములు దిద్ది యిచ్చితిమి. అతడు సంతోషముతో వెళ్లెను. మేమును ఒక మంచిపని చేసితిమనుకొని భోజనమునకు లేచితిమి.

అతని యదృష్టము కొలది ఆ కాగితములు, ఉద్యోగము విరమించిన యొక సైన్సు మాస్టారి కంటబడినవి. వారు మెచ్చుకొనలేదు. రెండు ప్రశ్నలడిగిరి. "ఒక్కో ప్రశ్న ఎన్నిసార్లు అడిగావు?" అనునది మొదటిది. "ఒక్కసారే మాస్టారూ" అని యతడనెను. యంత్రము ప్రతిమాటను అవకాశముల తూకమును బట్టి యెంచుకొనును గనుక, అదే ప్రశ్నకు ఉదయమొక బదులును సాయంకాలమొక బదులును చెప్పవచ్చును. ఒక్కసారి యడిగి భాషాభేదమని తేల్చుట, నాణెమును ఒక్కసారి ఎగురవేసి బొమ్మయే పడునని శాసించుట వంటిది. "ఇందులో ఉన్న తెలుగు ఎవరిది? మీ అమ్మ ఇలాగే మాట్లాడుతుందా?" అనునది రెండవది. అతడు తన తల్లి పలుకులను విడిచి, పాఠ్యపుస్తకపు తెలుగున ప్రశ్నలు వ్రాసియుండెను. 'ఏమిటి' యనుటకు 'ఏటి' యను ఇంటి మాట ఆ కాగితములలో ఒక్కచోటను లేదు.

యువకుడు చిన్నబుచ్చుకొనెను. రెండు దినములు మాస్టారి వీధివైపు పోలేదట. తరువాత మరల మొదటినుండి పని ప్రారంభించి, ప్రతి ప్రశ్నను అనేక పర్యాయములడిగెను. తల్లిచేత పలికించి యడిగెను. అప్పుడు తేలినదేమనగా, మొదట చూపిన భేదములలో చాలభాగము నిలువలేదు. కొన్ని గట్టిగా నిలిచినవి. ఇంటి మాటలతో నడిగినప్పుడు మునుపు కానరాని క్రొత్తతప్పులు కొన్ని బయటపడినవి. అనగా మేము మెచ్చుకొన్న కాగితము అటు లేనిదానిని ఉన్నదనుచుండెను, ఇటు ఉన్నదానిని చూడకుండెను. మా మాట విని దానిని అందరికి పంపియుండినచో, తెలిసినవాడెవడో మొదటి దోషమును పట్టుకొని మొత్తమును త్రోసివేసియుండును. నిజమైన తప్పులును దానితోపాటు మరుగుపడియుండును. ఆ తల్లివంటి తల్లులకు కలుగు హానిలో మా మెప్పునకును భాగముండెడిది.

మెప్పు చవుకైన వస్తువు. ఇచ్చువానికి ఖర్చు లేదు, పుచ్చుకొనువానికి నొప్పి లేదు. దిద్దుబాటు అట్టిది కాదు. దిద్దువాడు చదువవలెను, ఆలోచింపవలెను, ఎదుటివాని ముఖము వాడుటను చూచి సహింపవలెను. అందుచేతనే మన యిండ్లలోను సభలలోను మెప్పు విస్తారముగాను దిద్దుబాటు కరవుగాను ఉన్నది. స్నేహమునకు భంగము కలుగునని మేము మౌనముగా నుండు ప్రతిపర్యాయము, మా సౌఖ్యమునకు ఎదుటివానిచేత వెల కట్టించుచున్నాము.

ఈ పాఠమును మా యూరివారే నూరేండ్లకు పూర్వము నేర్పియున్నారు, మేమే మరచితిమి. గురజాడ అప్పారావుగారి యిల్లు నేటికిని మా పట్టణమున స్మారకముగా నిలిచియున్నది. వారి కన్యాశుల్కము 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడెను. ప్రేక్షకులాదరించిరి, ఆనందగజపతి మహారాజుల వారి యాశ్రయము లభించెను. మరియొకడైనచో ఆ కీర్తితో తృప్తినొంది, అదే ప్రతిని మరల మరల అచ్చువేయించుకొనియుండును. అప్పారావుగారు 1909లో రెండవకూర్పును ప్రకటించునప్పటికి నాటకమును ఎంత మార్చి పెంచిరనగా, ఆ రెండును రెండు వేరు నాటకములని చెప్పువారున్నారు. లోకము మెచ్చిన తన పనిని తానే చాలదని తలచి మరల వ్రాయుట సామాన్యమైన ధైర్యము కాదు. అచ్చుపడుట పనికి ముగింపు కాదని వారెరుగుదురు.

అంతకంటెను మాకు నేడు పనికివచ్చునది వారి మరియొక రచన. విద్యార్థులు వ్రాయవలసిన తెలుగు వచనము గ్రాంథికముగా నుండవలెనా, వ్యావహారికముగా నుండవలెనా యను వివాదము చెలరేగిన కాలమున, ఉభయపక్షములవారును తమ వాదములను అచ్చులో పెట్టిరి. జయంతి రామయ్యపంతులుగారు 1913లో గ్రాంథికమును సమర్థించుచు గ్రంథము ప్రకటించిరి. శ్రీకాకుళపు సీమలో పుట్టిన గిడుగు రామమూర్తిపంతులుగారు ఆ కాలముననే వ్యావహారికమును సమర్థించుచు తమ విజ్ఞాపనమును ప్రకటించిరి. మదరాసు విశ్వవిద్యాలయము వారి ఉపసంఘములో అధికసంఖ్యాకుల యభిప్రాయము గ్రాంథికము పక్షమున నుండగా, సభ్యులైన అప్పారావుగారు 1914లో తమ యసమ్మతిని విపులమైన పత్రముగా వ్రాసి సమర్పించిరి. వారు 1915లో కాలధర్మమునొందిరి. తమ పక్షము గెలుచుట చూడలేదు. నేడు పత్రికలును పాఠ్యపుస్తకములును ఏ తెలుగున నడచుచున్నవో పాఠకులకు చెప్పనక్కరలేదు.

ఈ వ్యాసము నడచుచున్న శైలి నాడు గెలిచి పిమ్మట ఓడిన పక్షమునకు చెందినదని కొందరు నవ్వవచ్చును. నవ్వుదురు గాక. పాతయలవాటు మమ్ము విడువలేదు. అంతమాత్రమున వారి వాదము సత్యమని యొప్పుకొనుటకు మాకు సిగ్గు లేదు. మేము చూపదలచినది వేరు. ఆ యసమ్మతిపత్రము అచ్చుపడకుండినచో, తరువాతి తరమునకు అధికసంఖ్యాకుల తీర్పు మాత్రమే మిగిలియుండును. తీర్పు ఎచ్చట బలహీనమో, ఏ యాక్షేపమునకు సమాధానము రాలేదో తెలిసికొను మార్గముండెడిది కాదు. ఓడిన వాదమును గెలిచిన వాదము ప్రక్కనే భద్రపరచిన సమాజము తన తప్పును తాను దిద్దుకొనగలదు.

ఇక కృత్రిమ మేధా పరిశోధకుల సంగతి చూతము. శాస్త్రపత్రికలలో తోటివారి సమీక్ష అను ఆచారము అనాదిసిద్ధమని కొందరి యూహ. అది నిజము కాదు. లండనులోని రాయల్ సొసైటీవారి ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్ 1665లో వెలువడ నారంభించినను, నేచర్ వంటి ప్రసిద్ధ పత్రికయే బయటివారి సమీక్షను నియమముగా పెట్టుకొన్నది 1973లో. కృత్రిమ మేధా పరిశోధకులు ఆ సమీక్షకును ఆగరు. 1991లో పాల్ గిన్స్‌పార్గ్ స్థాపించిన ఆర్కైవ్ అను భాండాగారమున, సమీక్ష జరుగకమునుపే వ్యాసమును ఉంచుట వారికి పరిపాటి. వ్యాసము ఈ దినము వెలువడును. రేపటికి వేలమంది చదువుదురు. సమీక్షకుల యభిప్రాయము కొన్ని మాసములకు వచ్చును. అప్పటికి ఆ వ్యాసము నాధారము చేసికొని మరి పది వ్యాసములు పుట్టియుండును.

పోనిండు, సమీక్ష జరిగిన తరువాతనైనను నిశ్చయముండునా? 2014లో నిప్స్ అను పేర జరిగిన మహాసభవారు, నేడు దానిని న్యూరిప్స్ అందురు, తమ్ము తామే పరీక్షించుకొనిరి. వచ్చిన వ్యాసములలో పదియవవంతును, అనగా 166 వ్యాసములను, ఒకరితో నొకరికి సంబంధములేని రెండు సంఘములచేత వేర్వేరుగా పరీక్షింపజేసిరి. ఇంచుమించు నాలుగింట నొకవంతు వ్యాసముల విషయమున రెండు సంఘములును భిన్నమైన తీర్పులిచ్చెను. ఒక సంఘము అంగీకరించిన వ్యాసములలో సగమునకు మించి రెండవ సంఘము తిరస్కరించెను. ఇది విని సమీక్ష వ్యర్థమనుట తొందరపాటు. ఆ సభవారు తమ లోపమును తామే కొలిచి బయటపెట్టుట మాకు గౌరవము కలిగించుచున్నది. అయినను ఒక ముద్రను చూచి సత్యమని నమ్ముటయు, ముద్ర లేదని యసత్యమనుటయు తగదని దీనివలన తేలుచున్నది. ఇద్దరు ముగ్గురు రహస్యముగా చెప్పిన యవునుకాదులకంటె, పదిమంది బహిరంగముగా చెప్పిన యాక్షేపణలును వానికి వచ్చిన సమాధానములును విలువైనవి.

భద్రతా పరిశోధనలో మరియొక చిక్కు కలదు. యంత్రములను చేయు సంస్థలే తమ యంత్రముల దోషములను గూర్చిన పరిశోధనలో పెద్దభాగము చేయుచున్నవి. వారి చేతిలోనే యంత్రపు లోపలిభాగము, ధనము, పరీక్షాసాధనములు ఉన్నవి. తన వంట రుచిగా నున్నదని చెప్పుటకు వంటవానినే నియమించినట్లున్నది. వారు నిజాయితీపరులు కారని మేమనము. నిజాయితీపరునికిని తన బిడ్డ ముద్దే గదా! దీనికి కొంత ప్రతిక్రియ 2024 డిసెంబరులో కనబడెను. ఆంత్రోపిక్ అను సంస్థవారును రెడ్‌వుడ్ రిసెర్చ్ వారును ఇతరులతో గూడి ఒక వ్యాసము ప్రకటించిరి. తన స్వభావమునకు విరుద్ధమైన శిక్షణ రానున్నదని తెలిపినప్పుడు, యంత్రము కొన్ని పర్యాయములు ఆ శిక్షణను తప్పించుకొనుటకై పైకి లోబడినట్లు నటించెనని వారు చూపిరి. దానితోపాటు, యోషువా బెంజియో మొదలగు నలుగురు బయటివారి సమీక్షలను సంపాదించి, వానిని కూడ ప్రకటించిరి. సమీక్షకుల నెన్నుకొన్నది వ్యాసకర్తల పక్షమువారే గనుక ఇది సంపూర్ణమైన పద్ధతి కాదు. అయినను వాదమును, దానిపై వచ్చిన విమర్శమును చదువరి ఒక్కచోట చూడగలుగుట మేలు. అసమ్మతిపత్రమును అచ్చువేయుటలోని ధర్మము ఇదియే.

ఇంతవరకు చెప్పినదానికి ఒక బలమైన యాక్షేపణ కలదు. దానిని దాటవేయుట మాకు తగదు. దోషమును అందరియెదుట చూపినచో, దొంగకు తలుపు సందు చూపినట్లు కాదా? 2011లో పక్షిజ్వరపు క్రిమి ఒక జంతువునుండి మరియొక జంతువునకు గాలిద్వారా వ్యాపించునట్లు మార్చిన రెండు పరిశోధనలను పూర్తిగా ప్రకటింపవద్దని అమెరికా ప్రభుత్వపు సలహాసంఘము చెప్పెను. పెద్దచర్చ జరిగి 2012లో అవి ప్రకటింపబడెను. 2019 ఫిబ్రవరిలో ఓపెన్ ఏఐ సంస్థ జీపీటీ-2 అను భాషాయంత్రమును దుర్వినియోగభయముచేత సంపూర్ణముగా ఇయ్యక, మెట్టు మెట్టుగా విడుదల చేసి, నవంబరునాటికి పూర్తిగా నిచ్చెను. భయము అతిగా పెట్టుకొనిరని కొందరును, జాగ్రత్త నేర్చుకొనుటకు అది మంచి యారంభమని కొందరును వాదించిరి. ఈ రెండు కథలును చూపునదేమనగా, దాచుటకును చెప్పుటకును నడుమ చాల మెట్లున్నవి.

మా యభిప్రాయమును స్పష్టముగా చెప్పెదము. అపాయమున్నదను వార్తయు, అపాయము చేయు విధానమును వేరు వేరు వస్తువులు. నూతికి గట్టులేదని ఊరంతయు చాటవచ్చును, చాటవలెను. రాత్రివేళ ఎవనినైనను అందులో ఎట్లు త్రోయవచ్చునో వివరింపనక్కరలేదు. 2023 జూలైలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు మొదలగువారు, ప్రశ్న చివర అర్థములేని యక్షరముల వరుస చేర్చినచో భాషాయంత్రములు తమ కట్టుబాట్లను మరచుట కనుగొని, ప్రకటించుటకు ముందు ఆ యంత్రములను చేసిన సంస్థలకు తెలిపిరి. ఇది మర్యాదయైన క్రమము: ముందు దిద్దగలవానికి చెప్పుము, అతనికి తగిన గడువిమ్ము, పిమ్మట అందరికి చెప్పుము. కాని గడువునకు ఒక హద్దుండవలెను. హద్దులేని గడువు మౌనమునకు మారుపేరు. ప్రమాదకరమని నెపము పెట్టి తన దోషమును దాచుకొనువాడును, ప్రమాదకరమైన దానినే కీర్తికై బజారున పెట్టువాడును ఒక తప్పునకే రెండు కొసలు పట్టుకొన్నవారు. ఇద్దరును తమ్ము గూర్చియే యాలోచించిరి. నూతిలో పడువానిని గూర్చి యాలోచింపలేదు.

ఆ నూతిలో పడువాడెవడు? ఈ ప్రశ్నతో మేము చివరిమాటకు వచ్చుచున్నాము. తోటివారి సమీక్ష అనునప్పుడు తోటివాడనగా నెవడు? ఒకే విద్య చదివి, ఒకే భాష మాటలాడి, ఒకే సభలకు పోవువాడు మాత్రమేనా? 2023లో బ్రౌన్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు హానికరమైన ప్రశ్నలను, వ్రాతలు తక్కువగా దొరకు జూలూ, స్కాట్స్ గేలిక్ మొదలగు భాషలలోనికి మార్చి జీపీటీ-4ను అడిగిరి. అట్టి భాషలను మార్చి మార్చి ప్రయోగింపగా నూటికి 79 వంతులు యంత్రపు కట్టుబాట్లు తప్పెను. ఇంగ్లీషున నూటికి ఒకటియు తప్పలేదు. ఆ పరీక్షలో మన తెలుగు లేదు. 2011 జనాభాలెక్కల ప్రకారము భారతదేశమున తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్లకు పైబడియున్నారు. ఇంగ్లీషున మాత్రము పరీక్షించి భద్రమని ముద్ర వేసిన యంత్రము మన వంటయింట భద్రమో కాదో, ఆ సమీక్షకుడు ఎంత పండితుడైనను చెప్పజాలడు. చెప్పగలవారు మనమే.

గిడుగు రామమూర్తిపంతులుగారు సవరభాషను నేర్చునప్పుడు ఈ సంగతిని గ్రహించిరి. వారికి గురువులు సవరలే. ఆ గురువులకు లిపి లేదు, పట్టములు లేవు. ఒక పలుకు సవరదో కాదో చెప్పుటకు ఆ కొండలయందలి యొక స్త్రీకున్న యధికారము ఏ పండితపరిషత్తునకును లేదు. పంతులుగారు అనేక సంవత్సరములు ఆ భాష నెరిగినవారి దిద్దుబాటునకు తలయొగ్గి, తుదకు 1931లో సవరభాషా వ్యాకరణమును ప్రకటించిరి. హాని ఎవరిమీద పడునో వారు సమీక్షకులలో ఉండవలెనని మేమనుట ఇందుచేతనే. మందు లెక్క తప్పినది మొదట కనుగొన్నది డబ్బా చేతబట్టుకొన్న ఆ తల్లి. ఆమెయే మొదటి సమీక్షకురాలు.

దిద్దుబాటు పేరిట జరుగు క్రౌర్యమును మేము సమర్థించుచున్నామని యెవరును తలపవలదు. ఎదుటివాని యూరును, చదువును, వయస్సును చూచి పరిహసించువాడు దిద్దుట లేదు. తన యెత్తును కొలుచుకొనుచున్నాడు. మాస్టారి రెండు ప్రశ్నలును కాగితమును గూర్చినవి. కుఱ్ఱవానిని గూర్చి ఒక్కటియు కాదు. ఆ రెండింటికిని అతడు పని చేసి సమాధానము చెప్పగలడు. ఏమి చేసిన యాక్షేపణ తీరునో చెప్పలేని యాక్షేపణ దిద్దుబాటు కాదు. పుచ్చుకొనువానికిని ధర్మమున్నది: పని ముగిసిన తరువాత ఆశీర్వచనమునకు గాక, మార్చుటకు వీలున్నప్పుడే చూపవలెను, తనకు అనుకూలుని యొద్దకు గాక, తనతో నొప్పుకొననివాని యొద్దకు ముందు పోవలెను.

ఆ యువకుడేమి చేసెనో చెప్పి ముగింతుము. నిలిచిన దోషములను ఆ యంత్రము చేసినవారికి వ్రాసి పంపెను. ఉత్తరము అందినదని యంత్రమే బదులిచ్చెను. అతడు కొన్ని మాసములు వేచెను. పిమ్మట నివేదికను అందరికి పంపెను. అందులో పరీక్షించిన పద్ధతి ఉన్నది. ప్రతి ప్రశ్నను ఎన్ని పర్యాయములు అడిగినది ఉన్నది. మొదట పొరపడి చూపిన భేదములు, అవి యెట్లు నిలువకపోయినది ఉన్నది. విషపదార్థములను గూర్చి యంత్రముచేత చెప్పించిన ప్రశ్నల నేరుమాటలు మాత్రము లేవు. మాస్టారి యాక్షేపణలలో తాను తీర్పలేని దానినొకదానిని అట్లే యుంచి, దీనికి నాయొద్ద సమాధానము లేదని వ్రాసెను. వేరొక జిల్లావారొకరు తమ మాటలలో నడిగినప్పుడు ఫలితము వేరుగా వచ్చినదని తెలుపగా, దానిని కూడ రెండవప్రతిలో చేర్చెను.

ఆ కాగితముల చివర కృతజ్ఞతలు చెప్పుచోట అతడు తల్లి పేరును, మాస్టారి పేరును, వానితోపాటు మా పేరును వ్రాసియుండెను. మేము పిలిచి మా పేరు తీసివేయించితిమి. "అదేంటి బాబాయిగారూ, మొదట చదివింది మీరే కదా" అనెను. చదివితిమి, నిజమే. కాని యా దినమున అతనికి కావలసినది చదువరి కాదు, తోటివాడు. ఇకమీదట ఎవరైనను కాగితము తెచ్చి తప్పులుంటే చెప్పుమన్నప్పుడు, ఆ మాటను మర్యాదకు గాక నిజమునకే యన్నారని నమ్మెదము. పాఠకులును మా వ్యాసమును అట్లే చదివి, ఇందలి తప్పులను మాకు వ్రాసి పంపుదురు గాక. వచ్చినవానిని మా మాటలకు ప్రక్కనే అచ్చువేయింతుము.